డ్యూన్ రెండో పుస్తకం చదివినవాళ్ళు రండి: గెలిచిన పాల్‌ని అలా చూడటం మీకెలా అనిపించింది? (కథ చివరిదాకా మాట్లాడుకుంటాం)

గవర్నర్‌పేట వాణి (విజయవాడ)

ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ గురించి ఇక్కడ ఇదివరకు బోలెడంత మాట్లాడుకున్నాం. దాని తరువాయి ‘డ్యూన్ మెసయ్య’ మొన్న ఆదివారం పూర్తి చేశాను. అప్పట్నుంచి ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప కుదుటపడేలా లేను. ఇంట్లో ఇలాంటివి చదివేవాళ్ళు లేరు. కథ మొత్తం వచ్చేస్తుంది కాబట్టి చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో దొరికింది. అట్ట నలిగింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. రోజూ గుంటూరు వెళ్ళొస్తాను కాబట్టి అంతా రైల్లోనే చదివాను. గెలిచి చక్రవర్తి అయిన పాల్, ఎడారిలో ఉండే ఫ్రెమెన్ జాతి పెద్ద స్టిల్గార్ పాత చరిత్ర మాట్లాడుకునే చోటుకి వచ్చేసరికి బండి కృష్ణా కెనాల్ దగ్గర ఆగి ఉంది. చెంఘిజ్ ఖాన్ ఓ నలభై లక్షల మందిని చంపి ఉంటాడంటాడు పాల్. హిట్లర్ అరవై లక్షలకు పైనే అంటాడు. స్టిల్గార్‌కి ఆ అంకెలు ఆనవు. అప్పుడు పాల్ తన పేరు మీద జరిగిన యుద్ధం లెక్క చెప్పడం మొదలుపెడతాడు. 61 బిలియన్ల ప్రాణాలు పోయాయి. 90 గ్రహాల మీద జీవమే లేకుండా పోయింది. ఇంకో 500 గ్రహాలు నడుం విరిగి పడి ఉన్నాయి. 40 మతాలవాళ్ళు తుడిచిపెట్టుకుపోయారు.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఫోన్‌లో లెక్క వేశాను. 6,100 కోట్ల మంది. ఇప్పుడు భూమ్మీద ఉన్నది సుమారు 800 కోట్లు. అంటే ఇలాంటి భూములు ఏడు ఖాళీ చేసినా ఆ లెక్క పూర్తి కాదు. ఈ లెక్క చెబుతున్నది ఎవరు? మొదటి పుస్తకంలో ఎవరు గెలవాలని నేను తెల్లార్లూ మేలుకుని చదివానో ఆ అబ్బాయే. తండ్రిని పోగొట్టుకుని, తల్లితో కలిసి ఎడారిలో దాక్కున్న ఆ పదిహేనేళ్ళ పిల్లాడే.

బండి ఎప్పుడు కదిలిందో కూడా తెలీలేదు. మీరంతా ఈ పుస్తకాన్ని ఎలా తీసుకున్నారు?

---

బ్రాడీపేట 4/7 (గుంటూరు)

వాణి గారూ, నేను సగంలో రెండుసార్లు ఆపి, మూడోసారి పట్టుబట్టి పూర్తి చేశాను. నాకు నచ్చలేదు. మొదటి పుస్తకం మీద నాకున్న ప్రేమ తక్కువది కాదు కాబట్టే ఇంత సూటిగా చెబుతున్నాను.

మొదటిదాంట్లో పాల్ కొండంత ఇసుకపురుగు ఎక్కే రోజు గుర్తుందా? కొక్కేలు పట్టుకుని ఇసుకలో నిలబడతాడు, దూరంగా నేల ఉబ్బుతూ వస్తుంటుంది. మన అరికాళ్ళ కింద కూడా అదిరినట్టే ఉంటుంది. రెండోదాంట్లో ఏముంది? తెరలేవగానే నలుగురు కుట్రదారులు ఒకచోట చేరి మాట్లాడుకుంటారు. అంతరిక్ష ప్రయాణాలు నడిపే గిల్డ్ వాడు ఎడ్రిక్ ట్యాంకులో తేలుతుంటాడు, పక్కన బెనె గెసెరిట్ అనే ఆడవాళ్ళ సంఘం నుంచి ముసలి రెవరెండ్ మదర్, పాల్ పెళ్ళాం ఇరులాన్, రూపాలు మార్చే సైటేల్. వాళ్ళేం చేయబోతున్నారో మనకి మొదటే చెప్పేశాక ఇక టెన్షన్ ఎక్కడిది? భవిష్యత్తంతా కనిపించే మనిషి మీద కుట్ర ఎలా సాగిందయ్యా అంటే, ఎడ్రిక్‌కి కూడా భవిష్యత్తు కనిపిస్తుంది కాబట్టి అతని చుట్టూ ఉన్నవాళ్ళు పాల్ చూపుకి అందరట. ఇది రచయిత తన పని సులువు చేసుకోవడమే.

పైగా అసలు యుద్ధం ఏది? పన్నెండేళ్ళు జరిగింది. 6,100 కోట్ల మంది పోయారు. మనకి ఒక్క పోరు కూడా చూపించలేదు.

---

పటమట రవి (విజయవాడ)

నేను సినిమాల దారిలో వచ్చినవాణ్ణి. 2021 సినిమా, 2024 సినిమా రెండూ థియేటర్లో చూసి, మూడోది ఈ పుస్తకం మీదే అని తెలిశాక కొన్నాను. 2026 డిసెంబర్‌కి విడుదల అని ప్రకటించారు కదా, ఈలోపు చదివేద్దామని.

బ్రాడీపేట అన్న చెప్పినట్టే మొదటి వంద పేజీలు నాకూ కష్టంగా గడిచాయి. కానీ పాల్ కళ్ళు పోయే చోట నుంచి పుస్తకం పక్కన పెట్టలేదు. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాను.

---

సత్యనారాయణపురం మాస్టారు (విజయవాడ)

నాకు ఈ పుస్తకంతో పాత పరిచయం ఉంది. డిగ్రీలో ఉండగా 1986లో చదివాను. హెర్బర్ట్ పోయింది ఆ ఏడాది ఫిబ్రవరిలోనే. అప్పుడు నాకు పాల్ మీద కాదు, రచయిత మీద కోపం వచ్చింది. మా హీరోని ఇలా చేస్తావా అని. అలా కోపం తెచ్చుకున్నది నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసింది.

మొదటి కథ ‘అనలాగ్’ పత్రికలో 1963 నుంచి 1965 దాకా సీరియల్‌గా వచ్చింది. దాన్ని నెత్తిన పెట్టుకున్న సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్. పుస్తకంగా వెయ్యమంటే దాదాపు ఇరవైమంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి 1965లో వేసింది చిల్టన్ అనే సంస్థ. కార్ల రిపేరు మాన్యువళ్ళకు పేరున్న సంస్థ అది. మన ఆటోనగర్ షెడ్లలో నూనె మరకలతో పడి ఉంటాయే, ఆ రకం పుస్తకాలు అచ్చేసే చోటు నుంచి ఇంత నవల వచ్చింది. మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో పురస్కారం పంచుకుంది, మొట్టమొదటి నెబ్యులా కూడా దానికే వచ్చింది. అంత జరిగాక రెండో కథ పంపితే అదే క్యాంప్‌బెల్ వద్దన్నాడు. హీరోని కిందికి దించడం ఆయనకి రుచించలేదు. అది 1969లో ‘గెలాక్సీ’ అనే వేరే పత్రికలో వచ్చింది, అదే ఏడాది పుస్తకమైంది.

చాలామంది, మొదటిది ఆడింది కాబట్టి రెండోది రాశాడనుకుంటారు. అది నిజం కాదు. రెండో పుస్తకంలోవీ మూడో పుస్తకంలోవీ కొన్ని భాగాలు, మొదటిది పూర్తికాకముందే రాసుకున్నానని హెర్బర్టే చెప్పాడు. జనాన్ని తన వెంట నడిపించుకోగలిగే నాయకుడు ఎంత ప్రమాదమో చెప్పడమే మొదట్నుంచీ ఆయన ఉద్దేశం. మొదటి పుస్తకం చివర్లో ఒక వాక్యం మళ్ళీ చూడండి. స్టిల్గార్ స్నేహితుడిగా ఉన్నవాడు తన కళ్ళముందే భక్తుడైపోయాడని పాల్ గమనిస్తాడు, మనిషి తగ్గిపోయాడని బాధపడతాడు. విజయం ఇంకా చేతికి రాకముందే ఆ మాట ఉంది. మనం గెలుపు ఊపులో దాన్ని దాటిపోయాం.

రిటైరయ్యాక మళ్ళీ చదివాను. ఈసారి నా కళ్ళు పాల్ మీద కంటే స్టిల్గార్ మీదే ఎక్కువ నిలిచాయి. తన ఊరికి తానే పెద్ద, ఎవరికీ తల వంచనివాడు. కొలువులో చేరి, రాజుగారి ముఖం చూసి మాట్లాడే మనిషి అయ్యాడు. ముప్ఫై రెండేళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి, అలాంటివాళ్ళని దగ్గరగా చూశాను. మంచివాళ్ళే వాళ్ళంతా.

---

బ్రాడీపేట 4/7 (గుంటూరు)

మాస్టారూ, ఉద్దేశం గొప్పదే, ఒప్పుకుంటాను. నా తగువు కథ నడిపిన తీరుతో. ఉద్దేశం గొప్పదైనంత మాత్రాన కథ దానంతటది నిలబడదు.

---

తెనాలి పాఠకుడు (గుంటూరు)

నాకు ఇది చదువుతున్నంతసేపూ తిక్కన గారి భారతమే మనసులో తిరిగింది.

మా ఇంట్లో తాతగారు భారతం చదివి వినిపించేవారు. పిల్లలం శల్యపర్వం అవగానే లేచి వెళ్ళిపోయేవాళ్ళం, దుర్యోధనుడు పడిపోయాడు కదా, ఇంకేం కథ అని. ఆయన మాత్రం మానేవారు కాదు. సౌప్తికం, స్త్రీపర్వం, శాంతి, అన్నీ అదే గొంతుతో చదివేవారు. పెద్దయ్యాక నేను అక్కణ్ణుంచి చదివాను. గెలిచిన ధర్మరాజు ఏం చేశాడు? కర్ణుడు తన అన్న అని తెలిసి, ఈ రాజ్యం నాకెందుకు, అడవికి పోతానన్నాడు. తమ్ముళ్ళూ ద్రౌపదీ కృష్ణుడూ వ్యాసుడూ అందరూ చుట్టూ చేరి బతిమాలి సింహాసనం ఎక్కించారు. పాల్ పరిస్థితి కూడా అంతే. దిగిపోదామంటే దిగే దారి లేదు. తను చచ్చిపోయినా తన పేరు మీద చంపేవాళ్ళు ఆగరని అతనికి తెలుసు.

ఇంకో పోలిక. ఫ్రెమెన్ జాతిలో చూపు పోయినవాణ్ణి ఎడారికి వదిలేస్తారు. తన మనుషుల ఆచారానికి తల వంచి, చివర్లో పాల్ ఒంటరిగా ఇసుకలోకి నడిచిపోతాడు. నాకు ఆశ్రమవాసపర్వం కళ్ళకు కట్టింది. గుడ్డిరాజు గాంధారి, కుంతితో కలిసి అడవికి వెళ్ళి, చివరికి కార్చిచ్చుకి ఆహుతైన ఘట్టం. కాకపోతే ధృతరాష్ట్రుడు చూడాల్సింది చూడకుండా బతికాడు. పాల్ అన్నీ ముందే చూశాడు, చూసి కూడా ఆపలేకపోయాడు. రెండిట్లో ఏది ఎక్కువ నరకమో నేను తేల్చుకోలేకపోయాను.

---

బ్రాడీపేట 4/7 (గుంటూరు)

తెనాలి గారూ, మీరు చాలా బాగా చెప్పారు గానీ మీ పోలికే నా మాటకి బలం. భారతంలో భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలు చదివాక వస్తుంది స్త్రీపర్వం. అభిమన్యుడు ఎలా పోయాడో మనం చూశాం. కర్ణుడి రథచక్రం దిగబడటం చూశాం. అందుకే ఆ తల్లులు యుద్ధభూమిలో శవాలు వెతుక్కుంటుంటే మనకి కడుపు తరుక్కుపోతుంది. హెర్బర్ట్ ఆ నాలుగు పర్వాలూ ఎగరగొట్టి నేరుగా శాంతిపర్వంలో కూర్చోబెట్టాడు. ఏడవమంటే ఎవరి కోసం ఏడవాలి?

---

సింగ్‌నగర్ కిరణ్ (విజయవాడ)

బ్రాడీపేట అన్నా, నేనొక్క ఘట్టం గుర్తుచేస్తాను, ఫరోక్ ఇంటికి సైటేల్ వచ్చే చోటు. మీరు తొందరలో దాటేశారేమో.

ఫరోక్ పాత ఫ్రెమెన్ సైనికుడు. యుద్ధానికి ఎందుకు వెళ్ళావంటే దేవుడి కోసమని చెప్పడు. సముద్రం చూద్దామని వెళ్ళానంటాడు. పుట్టి బుద్ధెరిగి చుక్క నీరు కూడా వృథా చెయ్యని జాతి. చచ్చినవాడి ఒంట్లో నీళ్ళు కూడా పిండి దాచుకుంటారు. సముద్రం అని ఒకటుందని ఎవరో చెబితే నమ్మలేదు. ఒక గ్రహం మీద నిజంగానే కళ్ళముందు కనబడింది. తోటివాడొకడు ఆ నీళ్ళు తాగి జబ్బుపడ్డాడు. ఇతను మెల్లగా దిగాడు, మునిగాడు. పైకి వచ్చాక యుద్ధం మీద మోజు ఒంట్లోంచి కడిగేసినట్టు పోయింది. ఇంటికొస్తే కొడుక్కి కళ్ళు లేవు, స్టోన్ బర్నర్ అనే ఆయుధం కాల్చేసింది. పాల్ కోసం పోరాడినవాడు ఆ కొడుకుని పక్కన పెట్టుకుని పాల్ మీద కుట్రకి సాయం చేస్తున్నాడు. నాకైతే ఆ నాలుగు పేజీల్లో మీరడిగిన నాలుగు పర్వాలూ ఉన్నాయి.

నన్ను ఇది ఎందుకు పట్టేసిందో కూడా చెబుతాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మేం మేడ మీద మూడు రోజులున్నాం. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వస్తోందని ఫోన్‌లో వార్తలు. మా వీధిలో నీళ్ళు కదలవు. గంటగంటకీ వెళ్ళి మెట్లు లెక్కపెట్టేవాణ్ణి. ఆరో మెట్టు మునిగింది, ఏడో మెట్టు అంచు తడుస్తోంది, అక్కడ ఆగింది. ఎటు చూసినా నీళ్ళే, పాపకి తాగించడానికి మాత్రం అర సీసా మిగిలింది. మూత తిప్పి, మూతతోనే కొలిచి పోసింది మా ఆవిడ. ఆ మూత కొలత నాకు ఇంకా గుర్తుంది. ఫ్రెమెన్ వాళ్ళ నీళ్ళ కట్టుబాటు అంతకుముందు చదివినప్పుడు భలే ఊహించాడు అనుకున్నాను. ఆ తర్వాత చదివితే ఊహలా లేదు.

---

గవర్నర్‌పేట వాణి (విజయవాడ)

కిరణ్ గారూ, మీరు ఇది రాసినందుకు ధన్యవాదాలు. ఆ ఘట్టం నేను కూడా తొందరగానే దాటాను. ఈ రాత్రికి మళ్ళీ చదువుతాను. పాప ఇప్పుడు బావుందా?

---

సింగ్‌నగర్ కిరణ్ (విజయవాడ)

బావుందండీ. ఒకటో తరగతి.

---

మంగళగిరి లత (గుంటూరు)

ఇంతసేపూ పాల్, స్టిల్గార్, ధర్మరాజు. ఆడవాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను.

మొదటి పుస్తకంలో ప్రతి అధ్యాయం నెత్తి మీదా ఇరులాన్ రాసిన పుస్తకాల్లోంచి ఒక ముక్క ఉంటుంది. మనం పాల్ కథ విన్నది ఒకరకంగా ఆవిడ గొంతులోంచి. కథలోకి ఆవిడ అడుగుపెట్టేదేమో చివరాఖర్న, రాజ్యం కోసం కట్టబెట్టిన పెళ్ళికూతురిగా. పేరుకి పట్టమహిషి, ఆ గదిలోకి మొగుడు రాడు. రెండో పుస్తకం వచ్చేసరికి ఆవిడ కుట్రలో ఉంది, పాల్ ప్రేమించి కాపురం చేస్తున్న చానీకి పిల్లలు పుట్టకుండా రహస్యంగా తిండిలో మందు కలిపి పెడుతోంది. చదువుతుంటే ఒళ్ళు మండింది నాకు. తర్వాత తెలిసే సంగతి ఇంకా దారుణం. ఆ మందు సంగతి పాల్‌కి తెలుసు. బిడ్డని కంటే చానీ చనిపోతుందని అతనికి కనబడింది. అందుకే చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇరులాన్ వల్ల చానీ ఇంకొన్నాళ్ళు బతికిందని లోపల సంతోషించాడు కూడా.

చానీకి ఒక్క ముక్క చెప్పలేదు.

మొదటి కొడుకు లెటో పసివాడుగా ఉండగానే శత్రువుల చేతుల్లో పోయాడు. పన్నెండేళ్ళుగా ఇంకో బిడ్డ కోసం ఎదురుచూస్తున్న మనిషి ఆవిడ. తన ఒంటి మీద ఏం జరుగుతోందో మొగుడికి తెలుసు, సవతికి తెలుసు, తనకి తప్ప అందరికీ తెలుసు. ప్రేమతోనే దాచాడని మీరంటారు. మా అమ్మమ్మకి గర్భసంచి తీసేసిన సంగతి ఇంట్లో మగవాళ్ళందరికీ తెలిసి, ఆవిడకి మాత్రం రెండేళ్ళ తర్వాత తెలిసింది. వాళ్ళు కూడా ప్రేమతోనే దాచారు. ఆవిడ చనిపోయేదాకా ఆ మాట మర్చిపోలేదు.

పుస్తకం గొప్పదే. పాల్ తప్పుని హెర్బర్ట్ చూపించాడు, కానీ చానీ బాధ దగ్గర కావలసినంతసేపు కూర్చోలేదు. ఇరులాన్ మారిపోవడం మరీ అన్యాయం. చివరి అధ్యాయంలో వేరేవాళ్ళు నాలుగు మాటల్లో చెప్పేస్తారు, ఆవిడ పాల్‌ని నిజంగా ప్రేమించిందట, ఇక పిల్లల్ని పెంచుతుందట. ఆ మార్పు నాకు ఆవిడ గదిలో, ఆవిడ కళ్ళలో చూడాలని ఉండింది.

---

పటమట రవి (విజయవాడ)

లత గారూ, ఇది చదివాక చానీ చనిపోయే అధ్యాయం ఇంకోలా కనిపిస్తోంది. నేను మొత్తం పాల్ వైపు నుంచే చదివాను.

---

నిర్వాహకులు

ఒక చిన్న మనవి. పుస్తకంలో పాల్ సైన్యం చేసే యుద్ధానికి రచయిత ‘జిహాద్’ అనే మాట వాడాడు. 1960లలో, అరబిక్ భాష నుంచి, ఎడారి జాతుల చరిత్ర నుంచి ఆయన తీసుకున్న మాటల్లో అదొకటి. కథలో అది పాల్ పేరు మీద పుట్టిన మతం, మిగతా మతాలన్నిటినీ తొక్కేసిన మతం. దాన్ని ఇప్పటి రాజకీయాల్లోకి లాగే రెండు వ్యాఖ్యలు తీసేశాం. చర్చ చాలా బాగా సాగుతోంది, ఇలాగే సాగనివ్వండి.

---

కొత్తపేట సిస్టర్ (గుంటూరు)

నేను ఎక్కువగా రాయను, చదివి వెళ్ళిపోతుంటాను. కళ్ళ ఘట్టం గురించి రవి గారు అన్నారు కాబట్టి రాస్తున్నాను. పదకొండేళ్ళుగా కంటి వార్డులో పని చేస్తున్నాను.

స్టోన్ బర్నర్ పేలాక చుట్టూ ఉన్న సైనికులందరికీ చూపు పోతుంది. పాల్‌కి కూడా పోతుంది. కంటి గుంటలు ఖాళీ అయిపోతాయి. కానీ భవిష్యత్తులో తను చూసి ఉన్న ప్రతి క్షణాన్నీ ఇప్పుడు జరిగేదానికి సరిగ్గా జతపరుచుకుంటూ నడుస్తాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెబుతాడు, ముఖం తిప్పి మాట్లాడతాడు. జనం భయంతో వణికిపోతారు.

మా వార్డులో చూపు పూర్తిగా పోయినవాళ్ళు కొందరు ఇలాగే ఉంటారు. ఒక పెద్దాయన ఉండేవారు, పొన్నూరు వైపు రైతు. మంచం నుంచి బాత్రూమ్‌కి పద్నాలుగు అడుగులు, కుడివైపు కుర్చీ, ఎడమవైపు నీళ్ళ బిందె. అన్నీ మనసులో పెట్టుకుని చెయ్యి చాపకుండా నడిచేవారు. కొత్తగా వచ్చిన నర్సు ఆయనకి చూపు ఉందనుకుంది. ఒకరోజు ఊడ్చే ఆవిడ కుర్చీ అడుగు పక్కకి జరిపింది. ఆయన మోకాలు తగిలింది. దెబ్బ చిన్నదే. ఆయన ఆ కుర్చీ వెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయారు. ఆ రోజు నుంచి గోడ పట్టుకునే నడిచారు.

పాల్‌కి ఆ కుర్చీ జరిగేది పిల్లలు పుట్టినప్పుడు. అతని దర్శనాల్లో ఎప్పుడూ ఒక కూతురే ఉంది. కవలలు పుట్టారు, కొడుకు కూడా ఉన్నాడు. ఆ క్షణంలో అతని లోపలి చూపు ఆరిపోతుంది. చానీ పోయింది, చూపు పోయింది, ఎదురుగా సైటేల్ పసిపిల్లల మీద కత్తి పట్టుకుని, చానీని తిరిగి బతికించి ఇస్తాం, రాజ్యం వదులుకో అని బేరం పెడుతున్నాడు. అప్పుడే పుట్టిన కొడుకు కళ్ళలోంచి పాల్ తనని తాను చూసుకుని, ఆ చూపుతో కత్తి విసురుతాడు. డ్యూటీ రూమ్‌లో చదువుతూ నేను పైకే ‘అమ్మా’ అన్నాను.

కళ్ళు పోయిన తన సైనికులకి లోహపు కళ్ళు పెట్టించమని చెప్పిన మనిషి, తనకి మాత్రం వద్దన్నాడు. ఆ ఒక్కదానికి నాకు పాల్ మీద గౌరవం. లత గారు చెప్పినదంతా నిజమే అయినా.

---

తెనాలి పాఠకుడు (గుంటూరు)

సిస్టర్ గారూ, మీరు తరచుగా రాయాలి.

---

సత్యనారాయణపురం మాస్టారు (విజయవాడ)

అవును తల్లీ, తప్పకుండా రాయాలి.

నాకు ఇంకొకటి చెప్పాలని ఉంది. ఈ పుస్తకాన్ని తెలుగులో చెప్పుకోవాలంటే మనకు మాటలు ఉన్నాయా అని మా తమ్ముడు అడిగాడు. ఉన్నాయి. సైటేల్ లాంటి ఫేస్ డాన్సర్లకి ‘కామరూపి’ కంటే మంచి మాట ఏ భాషలో ఉంది? కోరిన రూపం తీసుకునేవాడు. మారీచుడు బంగారు లేడి అయినప్పటి నుంచి ఆ మాట మన దగ్గర ఉంది. మెంటాట్ అంటే కంప్యూటర్లు నిషేధించిన లోకంలో మనసుతోనే లెక్కకట్టే మనిషి. నేను ‘అవధాని’ అంటాను. పూర్తిగా సరిపోదు, అవధానంలో పద్యం కావాలి, మెంటాట్‌కి అక్కర్లేదు. కానీ ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి తగులుకుంటుంటే అన్నిటినీ ధారణలో పట్టి ఉంచే మనిషిని చూసినవాళ్ళకి మెంటాట్ వింతగా ఉండడు. హెర్బర్ట్ మన దగ్గర నుంచి కూడా తీసుకున్నాడు. బెనె గెసెరిట్ ఆడవాళ్ళు నరాల మీద, కండరాల మీద సాధించే అదుపుకి ఆయన పెట్టిన పేరు ‘ప్రాణ-బిందు’.

గోలాకి మాత్రం మాట దొరకలేదు. చచ్చిపోయిన పాల్ పాత నేస్తం డంకన్ శవం నుంచి మళ్ళీ తయారైన మనిషి, మొదట్లో పాత జ్ఞాపకం లేదు, లోహపు కళ్ళు. ‘పునర్జీవి’ అంటే చప్పగా ఉంది. ఎవరికైనా తోస్తే చెప్పండి.

---

కొత్తపేట సిస్టర్ (గుంటూరు)

మాస్టారూ, పేరు దగ్గర నాదొక మాట. తెలుగు బైబిల్లో ‘మెస్సీయ’ అని ఉంటుంది, అభిషేకం పొందినవాడని అర్థం. మా చర్చిలో చిన్నప్పట్నుంచీ విన్న మాట కాబట్టి ఈ పుస్తకం పేరు చూడగానే నాకు కొంచెం భయమేసింది. చదివాక భయం పోయింది. రక్షకుడు వస్తాడని జనం ఎదురుచూసేలా ముందే కథలు నాటి ఉంచి, ఆ కథల్లోకి ఒక మనిషి నడిచి వెళ్తే ఏమవుతుందో రాశాడు. నా నమ్మకాన్ని అది గాయపరచలేదు.

---

మంగళగిరి లత (గుంటూరు)

గోలాకి ‘మళ్ళొచ్చినోడు’ అనండి మాస్టారూ. మా మగ్గాల వీధిలో చిన్నపిల్లలు పుట్టినప్పుడు తాత పోలిక ఉంటే ముసలాళ్ళు అనే మాట అదే, ‘మీ తాత మళ్ళొచ్చాడే’ అని.

---

సత్యనారాయణపురం మాస్టారు (విజయవాడ)

దొరికింది. అదే మాట.

---

పటమట రవి (విజయవాడ)

నాదొక సందేహం. ఇక్కడితో ఆపేయొచ్చా, మూడోది కూడా చదవాలా? మొత్తం ఆరు ఉన్నాయని చూశాను.

---

తెనాలి పాఠకుడు (గుంటూరు)

హెర్బర్ట్ సొంతంగా రాసినవి ఆరు. ఈ రెండూ కాక 1976, 1981, 1984, 1985ల్లో ఒక్కొక్కటి. తమ్ముడూ, పాల్ కథే కావాలంటే ఇక్కడ ఆగినా లోటు లేదు. ఆ కవలలు ఏమయ్యారో తెలియాలంటే మాత్రం మూడోది తప్పదు. వెంటనే మొదలుపెట్టకు, ఒక నెల ఆగు. ఈ పుస్తకం లోపల కొంచెం దిగనీ.

---

బ్రాడీపేట 4/7 (గుంటూరు)

నిన్న రాత్రి మా మేడ మీద కూర్చుని ఈ చర్చంతా మొదటి నుంచి చదివాను. కిరణ్ రాసింది రెండుసార్లు చదివాను. తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే, ఫరోక్ పేజీలు నాకు అసలు గుర్తే లేవు. రెండుసార్లు ఆపింది ఆ చుట్టుపక్కలే అనుకుంటా.

నా అభిప్రాయం మొత్తం మారిందని చెప్పలేను. కుట్రదారుల మాటలు ఇప్పటికీ నాకు సాగదీతే. ఎడ్రిక్ సంగతి ఇప్పటికీ సులువైన దారే. లత గారు ఇరులాన్ గురించి చెప్పింది నా ఫిర్యాదుకి ఇంకొకటి కలిపింది కూడా. కానీ ఎవరి కోసం ఏడవాలి అని నేను అడిగిన ప్రశ్నకి సమాధానం వచ్చింది. ఆ సముద్రంలో దిగిన ముసలాయన కోసం, అతని గుడ్డి కొడుకు కోసం. మళ్ళీ చదవాలని ఉంది. నా కాపీ అప్పుడే కోపంలో ఎవరికో ఇచ్చేశాను, ఎవరికిచ్చానో గుర్తు లేదు. జనవరిలో పుస్తక మహోత్సవం దాకా ఆగలేను. ఎవరి దగ్గరైనా ఉంటే వారం రోజులకి ఇస్తారా?

---

గవర్నర్‌పేట వాణి (విజయవాడ)

నాది తీసుకోండి. రేపు ఉదయం బండికే గుంటూరు వస్తున్నాను, స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర తొమ్మిదింటికి ఉంటాను. ఫరోక్ పేజీల దగ్గర నా పాత సీజన్ టికెట్ పెట్టి ఉంచాను, అది తీయకండి. మీ తర్వాత సిస్టర్ గారు మళ్ళీ చదువుతానన్నారు, ఆవిడది కూడా గుంటూరే కాబట్టి మీరే అందించేయండి. పెన్సిల్‌తో గీతలు గీసుకోవచ్చు. పెన్ను మాత్రం వద్దు.